పింటర్‌ని అబ్సర్డ్ నాటకకర్త అనొచ్చా? బర్త్‌డే పార్టీ చదివినవాళ్లు చెప్పండి

ఎం.ఏ. రెండో ఏడు
అందరికీ నమస్కారం. మా సిలబస్‌లో ఇంగ్లీష్ నాటకకర్త హెరాల్డ్ పింటర్ 'ద బర్త్‌డే పార్టీ' ఉంది. ఏం జరుగుతోందో అర్థమవుతోంది, ఎందుకు జరుగుతోందో మాత్రం తెలియడం లేదు. సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో మెగ్, పీటీ అనే ముసలి దంపతులు గదులు అద్దెకిస్తుంటారు. ఉన్నది ఒక్కడే, స్టాన్లీ. ఒకప్పుడు పియానో కచేరీ ఇచ్చానని చెప్పుకుంటాడు. ఒకరోజు గోల్డ్‌బర్గ్, మెక్‌కాన్ అని ఇద్దరు వచ్చి దిగుతారు. ఈ రోజు నా పుట్టినరోజు కాదు మొర్రో అని స్టాన్లీ అంటున్నా వినకుండా పార్టీ చేస్తారు. తెల్లారాక అతన్ని కారెక్కించి తీసుకుపోతారు. అంతే!

ఆ ఇద్దరూ ఎవరు? ఎవరు పంపారు? స్టాన్లీ చేసిన తప్పేంటి? నా దగ్గరున్న గైడులో "ఇది అబ్సర్డ్ నాటకం, కాబట్టి కారణాలు వెతకకూడదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. పరీక్షకి సరిపోతుందేమో గానీ నాకు తృప్తిగా లేదు.

పాత అట్ట
మీరడిగిన ప్రశ్నలే అప్పట్లో ఒకావిడ ఉత్తరం రాసి అడిగిందని చెప్తారు. ఆ ఇద్దరు మగవాళ్లు ఎవరు, స్టాన్లీ ఎక్కణ్ణుంచి వచ్చాడు, వీళ్లంతా మామూలు మనుషులేనా, ఇవి చెబితే తప్ప మీ నాటకం అర్థం కాదు అని. పింటర్ అదే వరసలో జవాబు రాశాడట: మీరెవరు, ఎక్కణ్ణుంచి వచ్చారు, మీరు మామూలు మనిషేనా, ఇవి చెబితే తప్ప మీ ఉత్తరం అర్థం కాదు అని.

పొగరు అనుకోవచ్చు. కానీ ఆయన వాదన సూటిగానే ఉంది. బతుకులో మనకి ఎదురయ్యే మనుషులెవరూ తమ పూర్వాపరాలు చెప్పి మరీ గదిలోకి రారు. నాటకంలో మాత్రం మొదటి పది నిమిషాల్లో అందరి జాతకాలూ తెలియాలని ఎందుకు పట్టుబడతాం? మీ గైడు రాసినాయన ఇక్కడే తప్పటడుగు వేశాడు. స్టాన్లీని ఎందుకు తీసుకుపోయారన్నదానికి కారణం ఉండే ఉంటుంది. అది మనకి చెప్పలేదు, అంతే. స్టాన్లీకైనా తెలుసో లేదో!

కరెంటాఫీసు
ఎనిమిది ఆటలకే ఎత్తేసిన నాటకం కదండీ ఇది? ఆ రోజు జనానికి నచ్చలేదు. తర్వాత ప్రొఫెసర్లు నెత్తికెత్తుకున్నారు. అర్థం కాని ప్రతిదానికీ గొప్ప అని పేరు పెట్టడం మనకి అలవాటే.

థేమ్స్ పక్క
కరెంటాఫీసు గారు, ఎనిమిది ఆటలు అన్నమాట నిజమే. మిగతాది కూడా చెప్పుకుందాం. 1958 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జ్ ఆర్ట్స్ థియేటర్‌లో మొదటిసారి ఆడినప్పుడు ఆదరణ బాగానే ఉంది. మే 19న లండన్ హామర్‌స్మిత్‌లోని లిరిక్ థియేటర్‌కి వచ్చేసరికి పేపర్లన్నీ చీల్చి చెండాడాయి. వారం తిరిగేలోగా ఆపేశారు. వారం మొత్తం వసూలు 260 పౌండ్ల 11 షిల్లింగుల 8 పెన్నీలు. ఒక మధ్యాహ్నం ఆటకి ప్రేక్షకులు ఆరుగురు. ఆ రోజు పింటర్ ఆలస్యంగా వెళ్లి పైమెట్లెక్కుతుంటే, అక్కడ పనిచేసే అమ్మాయి పై అంతస్తు మూసేశాం, ఎక్కడికండీ అని ఆపింది. నేనీ నాటకం రాసినవాణ్ణి అన్నాడట. అయ్యో పాపం, మీరేనా, పోనీలెండి వెళ్లి కూర్చోండి అని జాలిపడి వదిలింది.

అసలు విషాదం ఆదివారం జరిగింది. సండే టైమ్స్‌లో హెరాల్డ్ హాబ్సన్ సమీక్ష వచ్చింది. లండన్ నాటకరంగంలో ఇంత కొత్త, ఇంత కలవరపెట్టే ప్రతిభ మరొకరికి లేదన్నది ఆ సమీక్ష సారాంశం. అప్పటికి నాటకం ఎత్తేసి ఒక రోజైంది. రెండేళ్లలో ఇదే నాటకం టీవీలో వచ్చింది. 1960లో ఆయన మరో నాటకం 'ద కేర్‌టేకర్' లండన్ వెస్ట్ ఎండ్‌లో 444 ఆటలు ఆడింది. ప్రొఫెసర్లు టికెట్లు కొంటే 444 ఆటలు ఆడదు కదా.

కరెంటాఫీసు
444 అంటే ఒప్పుకోవాల్సిందే. సరే, వింటున్నాను. కానీ అబ్సర్డ్ అంటే ఏంటో ఎవరైనా సామాన్యుడికి తెలిసేలా చెప్పండి.

తెరచాటు
చెప్తాను. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక యూరప్‌లో దేవుడు, దేశం, హేతువు, పురోగతి అనే మాటల మీద నమ్మకం పోయింది. మనిషి అర్థం కోసం వెతుకుతాడు, లోకం నోరు విప్పదు. ఈ పొంతన లేనితనాన్ని ఫ్రెంచి రచయిత కామూ 1942లోనే 'ద మిత్ ఆఫ్ సిసిఫస్'లో రాశాడు. కామూ గానీ, మరో ఫ్రెంచి తాత్వికుడు సార్త్ర్ గానీ దాన్ని తర్కబద్ధమైన వాక్యాల్లో వాదించారు. అయనెస్కో, బెకెట్ వగైరా నాటకకర్తలు నాటకం రూపాన్నే అలా మార్చేశారు. 1950లో అయనెస్కో మొదటి నాటకం, 1953 జనవరిలో పారిస్‌లో బెకెట్ 'వెయిటింగ్ ఫర్ గోడో'. కథ ముందుకు కదలదు, మాటలు గిర్రున తిరిగి మొదటికే వస్తాయి, నవ్వొస్తుంది, ఆ నవ్వు గొంతులో అడ్డం పడుతుంది.

ఈ పేరు వాళ్లెవరూ పెట్టుకున్నది కాదు. 1961లో మార్టిన్ ఎస్లిన్ తన పుస్తకానికి 'ద థియేటర్ ఆఫ్ ద అబ్సర్డ్' అని పేరు పెట్టాడు, అది స్థిరపడింది. ఆయన బుడాపెస్ట్‌లో పుట్టి, వియన్నాలో పెరిగి, నాజీలు వచ్చాక పారిపోయి బీబీసీలో చేరినవాడు.

పింటర్ ఆ కోవలోవాడే అని నా అభిప్రాయం. బర్త్‌డే పార్టీ రెండో అంకంలో స్టాన్లీని కూర్చోబెట్టి ప్రశ్నలు వేసే ఘట్టం చూడండి. కోడి రోడ్డు ఎందుకు దాటింది? 846 అన్న సంఖ్య సాధ్యమా, అవసరమా? ఇవేం ప్రశ్నలు? అయనెస్కో నాటకంలోంచి ఊడిపడ్డట్టు లేవూ?

పాత అట్ట
తెరచాటు గారూ, ఆ ప్రశ్నలు వేసేవాళ్లకి జవాబు అక్కర్లేదు. స్టాన్లీ విరిగిపోవాలి, అదీ వాళ్ల పని. ఏ జవాబు చెప్పినా తప్పే అయ్యేలా ప్రశ్నలు గుప్పిస్తారు. మొదట మామూలు ప్రశ్నలు, తర్వాత చరిత్ర, మతం, గణితం, చివరికి కోడి. చివర్లో అతని గొంతులోంచి మాట రాదు, మూలుగే. ఇంటరాగేషన్ గదుల్లో జరిగేది ఇదే. పిచ్చి ప్రశ్నలా కనిపించేది నిజానికి పద్ధతి ప్రకారం చేసే పని. నేనైతే దీన్ని రియలిజం అంటాను.

ఇంకోటి. ఎస్లిన్ పుస్తకం మొదటి కూర్పులో బెకెట్, అదమోవ్, అయనెస్కో, జెనె, ఈ నలుగురికే విడి అధ్యాయాలు. పింటర్ వెనక వచ్చే గుంపులో ఒకడు. అతనికి సొంత అధ్యాయం తర్వాతి కూర్పుల్లో వచ్చింది. అంటే ఆ చట్రం గీసినాయనకి కూడా పింటర్ అందులో సరిగ్గా ఎక్కడ పడతాడో మొదట తేలలేదు.

తెరచాటు
రియలిజం అంటే కుర్చీ, బల్ల, కార్న్‌ఫ్లేక్స్ ఉండటమేనా? గోల్డ్‌బర్గ్ తన బాల్యం గురించి చెప్పేవి వినండి. అతన్ని అమ్మ ఒక పేరుతో పిలుస్తుంది, తండ్రి మరో పేరుతో, కొడుక్కి పెట్టిన పేరు కూడా ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకొకటి. ఏదీ నిలవదు. స్టాన్లీ కచేరీ సంగతీ అంతే. మొదట ప్రపంచ పర్యటన అంటాడు, అది కాస్తా లోయర్ ఎడ్మంటన్‌లో ఒక్క కచేరీగా తేలుతుంది. తర్వాతి కచేరీకి వెళ్తే హాలుకి తాళం వేసి ఉందంటాడు. గతం అనేదే రుజువు కాని లోకం ఇది. అబ్సర్డ్ కాకపోతే ఇంకేంటి?

థేమ్స్ పక్క
ఇద్దరి మధ్యా దూరుతున్నాను, ఏమనుకోకండి. పింటర్ ఎక్కడ పెరిగాడో తెలిస్తే ఈ భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో కొంత తెలుస్తుంది.

1930 అక్టోబర్ 10న తూర్పు లండన్ హ్యాక్నీలో పుట్టాడు. యూదు కుటుంబం. తండ్రి ఆడవాళ్ల బట్టలు కుట్టే దర్జీ. యుద్ధంలో బాంబుల భయానికి పిల్లల్ని ఊళ్లకి పంపేసినప్పుడు తొమ్మిదేళ్ల వయసులో తల్లిదండ్రుల్ని వదిలి కార్న్‌వాల్ వెళ్లాడు. యుద్ధం అయిపోయాక కూడా ఈస్ట్ ఎండ్‌లో ఫాసిస్టు మూకలు యూదు కుర్రాళ్ల కోసం కాపు కాసేవి. పగలగొట్టిన పాలసీసాలు పట్టుకుని సందుల్లో నిలబడేవారట. తప్పించుకోవడానికి ఒక దారి, వాళ్లతో మాట కలపడం. ఏం బాగున్నావా? ఆ బాగున్నాను. అయితే సరే, బాగుంది కదా. ఇలా అంటూనే వెలుతురున్న రోడ్డు వైపు నడిచేవాణ్ణని ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు.

ఇది తెలిశాక ఆయన సంభాషణలు వేరేగా వినిపిస్తాయి. పైకి పొడిపొడి పలకరింపులు, లోపల ఒకరి చేతిలో పగిలిన సీసా. 1962లో బ్రిస్టల్‌లో విద్యార్థుల ముందు ఇచ్చిన ప్రసంగంలో, నిశ్శబ్దం రెండు రకాలని అన్నాడు. మాటే లేనిది ఒకటి. మాటలు వరదలా పారుతున్నా అసలు సంగతి బయటపడకుండా కప్పేసేది రెండోది.

స్టాన్లీ కూడా గాల్లోంచి రాలేదు. 1954లో పింటర్ ఈస్ట్‌బోర్న్‌లో నాటకాలాడుతూ ఒక మురికి అద్దె గదిలో ఉన్నాడు. అక్కడే ఉంటున్న ఒకతన్ని, ఇలాంటి చోట ఎందుకుంటున్నావని అడిగితే, ఇంకెక్కడికీ పోవడానికి లేదన్నాడట.

ఎం.ఏ. రెండో ఏడు
అమ్మో, గైడులో ఇదేదీ లేదు! మరి 'కామెడీ ఆఫ్ మెనేస్' అని కూడా అంటారు కదండీ, అది అబ్సర్డ్‌కి ఇంకో పేరా?

పాత అట్ట
కాదమ్మా. అది విమర్శకుడు ఇర్వింగ్ వార్డిల్ 1958లో పింటర్‌కి తగిలించిన మాట. డేవిడ్ క్యాంప్టన్ అనే నాటకకర్త తన నాటకానికి పెట్టుకున్న ఉపశీర్షిక నుంచి తీసుకున్నాడు. నవ్విస్తూనే బెదిరిస్తుంది, అదీ భావం. పరీక్షలో బెకెట్‌తో పోల్చమని అడిగితే స్థలం గురించి రాయండి. గోడో నాటకంలో ఒక రోడ్డు, ఒక చెట్టు. ఏ దేశమో తెలీదు. పింటర్ గదికి అడ్రసుంటుంది, గ్యాస్ మీటరుంటుంది, మీటర్లో వేయడానికి చిల్లర ఉండదు. బెకెట్ మనుషులు రాని వాడి కోసం చూస్తారు. పింటర్ మనుషులు వస్తాడేమోనని భయపడతారు, వాడు వచ్చేస్తాడు కూడా.

బెకెట్ అంటే పింటర్‌కి ప్రాణం, అది వేరే సంగతి. తర్వాత స్నేహితులయ్యారు. 2006లో లండన్ రాయల్ కోర్ట్ థియేటర్‌లో బెకెట్ 'క్రాప్స్ లాస్ట్ టేప్'లో తనే నటించాడు, జబ్బుతో చక్రాల కుర్చీలో కూర్చుని.

పరిషత్తు నటుడు
చాలాసేపటి నుంచి చదువుతున్నా. నేను ఇంగ్లీష్ సాహిత్యం చదువుకోలేదు, పరిషత్తు పోటీల్లో వేషాలేస్తుంటాను. నా ప్రశ్న, పింటర్ డైలాగుల మధ్య కాసేపు ఆగమని రాసే ఆ 'పాజ్' గురించి. మా దగ్గర స్టేజి మీద రెండు క్షణాలు ఆగితే డైలాగు మర్చిపోయాడనుకుని పక్కనుంచి ప్రాంప్టింగ్ వచ్చేస్తుంది. ముందు వరసలో దగ్గులు మొదలవుతాయి. పింటర్ పేజీకి ఇన్నిసార్లు పాజ్ అని రాశాడంటే, నటుడు అక్కడ ఏం చేయాలి?

తెరచాటు
మంచి ప్రశ్న అన్నా. దీనికి పీటర్ హాల్ చెప్పిందే అందరూ చెప్తారు. 1965లో 'ద హోమ్‌కమింగ్' డైరెక్ట్ చేసింది ఆయనే. పింటర్ రాతప్రతిలో మూడు గుర్తులుంటాయి. మూడు చుక్కలు పెడితే చిన్న తడబాటు, మాట వెతుక్కోవడం. పాజ్ అంటే మాట ఆగింది కానీ లోపల ఆలోచన పరిగెడుతోంది, ఎదుటివాడి ఎత్తుకి పైఎత్తు తయారవుతోంది. సైలెన్స్ అంటే అంతకంటే పెద్దది. ఆ నిశ్శబ్దంలోంచి బయటికి వచ్చేసరికి పాత్ర మారిపోయి ఉండాలి. హాల్ రిహార్సల్స్‌లో ఈ చుక్కలూ పాజ్‌ల కోసమే ఒక పూట కేటాయించేవాడట.

కాబట్టి ఊరికే ఆగితే పాజ్ కాదు. నువ్వు ఆగినప్పుడు ఎదుటి నటుడు కంగారు పడాలి.

థేమ్స్ పక్క
దానికి తోక: ఈ పాజ్‌ల గోల పింటర్‌కే విసుగు పుట్టించింది. చివరి రోజుల్లో నటులకి అవి కుదరకపోతే వదిలేయండి అనేవాడు. ఆయన స్వయంగా నటుడు, అది మర్చిపోకూడదు. డేవిడ్ బేరన్ అనే పేరుతో ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి థ్రిల్లర్లు, చవకబారు కామెడీలు ఆడాడు. ఐర్లండ్‌లో మెక్‌మాస్టర్ నాటక కంపెనీతో షేక్‌స్పియర్ ఆడాడు. ప్రేక్షకుడు ఎక్కడ కదులుతాడో, ఎక్కడ ఊపిరి బిగబడతాడో ఒంటికి తెలిసిన మనిషి.

ఆయన నాటకం 'బిట్రేయల్' 2019లో ఆయన పేరు పెట్టిన హెరాల్డ్ పింటర్ థియేటర్‌లోనే చూశాను. భార్య, భర్త, భర్త స్నేహితుడు. కథ వెనక్కి నడుస్తుంది, 1977లో మొదలై 1968లో ముగుస్తుంది. చాలా సీన్లలో ఇద్దరే మాట్లాడుకోవాలి, ఆ ప్రొడక్షన్‌లో మూడో మనిషి కూడా స్టేజి మీదే ఉండిపోతాడు. అతను లేడనుకుని వీళ్లు మాట్లాడుతుంటే, నా పక్క సీటాయన పాప్‌కార్న్ నమలడం ఆపేశాడు. లండన్ ప్రేక్షకుడి చేత పాప్‌కార్న్ ఆపించడం మామూలు విషయం కాదు.

కరెంటాఫీసు
హోమ్‌కమింగ్ కథ నెట్‌లో చదివా. అమెరికాలో ఫిలాసఫీ ప్రొఫెసర్‌గా ఉన్నాయన తన భార్యని తీసుకుని లండన్‌లో తండ్రి ఇంటికి వస్తే, తండ్రీ తమ్ముళ్లూ ఆవిణ్ణి ఇక్కడే ఉంచేసి సంపాదించిపెట్టే పనిలో దింపుదామని బేరం మొదలెడతారు. భర్త బ్యాగు సర్దుకుని వెళ్లిపోతాడు. ఆవిడ ఉండిపోతుంది. ఇలాంటిది మన ఊళ్లో వేస్తే తంతారు.

పాత అట్ట
లండన్‌లోనూ కొంతమంది లేచి వెళ్లిపోయారు లెండి. కానీ ఆ బేరంలో గెలిచిందెవరు? ఎన్ని గదులు కావాలో, కాగితం మీద ఏమేం రాయాలో ఆ భార్య, రూత్, చెప్తూ పోతుంటే మగవాళ్లు ఒప్పుకుంటూ పోతారు. చివర్లో ఆవిడ కుర్చీలో, ముసలాడు ఆవిడ కాళ్ల దగ్గర. అది గెలుపా, ఉచ్చా? నాకు ఇప్పటికీ తేలలేదు, తేల్చకుండా రాయడమే ఆయన పనితనం. తెరచాటు గారి పక్షాన ఒక మాట ఒప్పుకుంటాను, ఈ నాటకాన్ని రియలిజం అనడం నాకూ కష్టమే.

తెరచాటు
ఆ ఒక్క మాట చాలు, ఫ్రేము కట్టించుకుంటా.

కరెంటాఫీసు
ఒక సందేహం. నోబెల్ సభలో అమెరికాని తిట్టింది ఈయనేనా? అర్థం లేని నాటకాలు రాసే మనిషికి రాజకీయాలెందుకో.

థేమ్స్ పక్క
ఈయనే. 2005 నోబెల్. ఆస్పత్రిలో ఉండటం వల్ల స్టాక్‌హోమ్ వెళ్లలేకపోయాడు, వీడియోలో ప్రసంగించాడు. మొదట్లోనే తను 1958లో రాసుకున్న మాట గుర్తుచేశాడు: నిజానికీ అబద్ధానికీ మధ్య గట్టి గీత లేదు, ఒకటి ఒకేసారి రెండూ కావచ్చు అని. రచయితగా ఆ మాట మీదే ఉన్నాను, పౌరుడిగా మాత్రం ఉండలేను, పౌరుడిగా ఏది నిజం ఏది అబద్ధం అని అడిగి తీరాలి అన్నాడు. తర్వాత ఇరాక్ యుద్ధం, నికరాగువా, అన్నీ ఏకరువు పెట్టాడు.

కుర్రతనంలోనే సైన్యంలో చేరనని చెప్పి, కోర్టులో జరిమానా పడినవాడు. కొత్తగా పుట్టిన రాజకీయం కాదది.

నిర్వాహకులు
సభ్యులకు మనవి. ఇరాక్ యుద్ధం తప్పా ఒప్పా అన్న దారిలోకి వెళ్తే ఈ చర్చ మూసేయాల్సి వస్తుంది. మూడు వ్యాఖ్యలు తొలగించాం. నాటకాల మీదే ఉండండి.

పాత అట్ట
నాటకం మీదే ఉంటాను, ఎందుకంటే నేను మొదట్నుంచీ అంటున్నదానికి రుజువు అక్కడే ఉంది. 1985లో పింటర్, అమెరికన్ నాటకకర్త ఆర్థర్ మిల్లర్ కలిసి టర్కీ వెళ్లారు. జైలుపాలైన రచయితల్ని కలిశారు, కుర్దుల భాష మీద నిషేధం గురించి తెలుసుకున్నారు. 1988లో పింటర్ నాటకం 'మౌంటెన్ లాంగ్వేజ్' వచ్చింది. అరగంట కూడా ఉండదు. జైలు బయట ఆడవాళ్లు నిలబడి ఉంటారు. మీ భాష నిషిద్ధం అంటాడు అధికారి. ఒక తల్లికి ఆ భాష తప్ప మరొకటి రాదు. చివర్లో నిషేధం ఎత్తేశాం, మాట్లాడుకోవచ్చు అంటారు. అప్పటికి ఆవిడ నోట మాట రాదు.

ఇప్పుడు స్టాన్లీని గుర్తుచేసుకోండి. అదే గది, అదే మనుషులు, చివరికి మాట పోవడమూ అదే. 1958లో గోల్డ్‌బర్గ్‌కి యూనిఫాం లేదు. ముప్పై ఏళ్ల తర్వాత తొడిగాడు.

1996లో ఇంకో వింత జరిగింది. ఉత్తర లండన్‌లో కుర్దు నటులు ఈ నాటకాన్నే బొమ్మ తుపాకులతో రిహార్సల్ చేస్తుంటే, ఎవరో చూసి ఫోన్ చేశారు. సాయుధ పోలీసులు వచ్చి పట్టుకుపోయారు. మీ భాషలో మాట్లాడొద్దని కూడా అన్నారట. నాటకంలో రాసింది నాటకమాడేవాళ్లకే జరిగింది. దీన్ని ఏ వాదం కింద వేస్తారో వేయండి.

కరెంటాఫీసు
ఇది మాత్రం ఒళ్లు జలదరించింది సార్.

ఎం.ఏ. రెండో ఏడు
స్టాన్లీని కారెక్కిస్తుంటే పీటీ వెనకనుంచి అరుస్తాడు కదా, "స్టాన్, నువ్వేం చేయాలో వాళ్లని చెప్పనివ్వకు" అని. మొదటిసారి చదివినప్పుడు ఆ మాట పట్టించుకోలేదు. ఏమీ చేయలేని ముసలాయన అనుకున్నా.

పాత అట్ట
పింటర్ ఆ ఒక్క వాక్యం గురించే, జీవితమంతా దాన్ని పట్టుకునే బతికానని తర్వాత ఒక ఇంటర్వ్యూలో అన్నాడు. పీటీ ఏమీ చేయలేడన్నదీ నిజమే. మెగ్ బజారు నుంచి తిరిగొస్తే స్టాన్లీ పైన పడుకుని ఉన్నాడనే చెప్తాడు. ఆవిడ రాత్రి పార్టీలో అందరికంటే నేనే బాగున్నాను అని మురిసిపోతూ ఉంటుంది. ఇంటి మీద పోలీసులు పడి కుర్రాణ్ణి పట్టుకుపోయాక, పెద్దవాళ్లు ముసలమ్మకి "ఊరెళ్లాడు, వచ్చేస్తాడు" అని చెప్తారే, అచ్చంగా అదే. మీ పరీక్షలో పీటీ మీద ఒక పేరా రాయండి, గైడు చదివిన మిగతావాళ్లెవరూ రాయరు.

పరిషత్తు నటుడు
నాకు ఒక కోరిక పుట్టింది. ఇద్దరు నటులతో అయిపోయే పింటర్ నాటకం ఏదైనా ఉందా? మా దగ్గర డబ్బుల్లేవు, మనుషులూ లేరు.

తెరచాటు
'ద డంబ్ వెయిటర్' అన్నా, కళ్లు మూసుకుని అదే. బర్మింగ్‌హామ్‌లో ఒక నేలమాళిగ, రెండు మంచాలు, బెన్, గస్ అని ఇద్దరు కిరాయి హంతకులు. ఎవర్ని చంపాలో కబురు కోసం చూస్తుంటారు. బెన్ పేపర్ చదువుతుంటాడు, గస్ ఆపకుండా ప్రశ్నలు అడుగుతుంటాడు. ఇంతలో గోడలో ఉన్న చిన్న సామాన్ల లిఫ్ట్ దడాలున దిగుతుంది. అందులో చీటీ: రెండు స్టీక్, రెండు సగ్గుబియ్యం పాయసం, రెండు టీ. పైన హోటల్ ఉందేమో, ఎవరు పంపుతున్నారో తెలీదు. భయంతో తమ దగ్గరున్న బిస్కెట్లు, చిప్స్, పాలసీసా అన్నీ పైకి పంపేస్తారు. ఆర్డర్లు ఆగవు. ముగింపు చెప్పను, చదువు. నవ్వు గ్యారంటీ, ఆ తర్వాత నీ ఇష్టం.

థేమ్స్ పక్క
లిఫ్ట్ దిగే చప్పుడే అందులో మూడో పాత్ర. రికార్డింగ్ పెట్టకండి, చెక్కతో నిజంగా చేయించి తాడు కట్టి వదలండి. పైనుంచి పడ్డప్పుడు నటులే ఉలిక్కిపడాలి.

పాత అట్ట
అనుమతి సంగతి ముందే చూసుకోండి. ఆయన పోయింది 2008 డిసెంబర్ 24న. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. తెలుగులోకి మార్చుకుని వేసినా హక్కులు చూసే ఏజెంట్లకి రాసి అడగాల్సిందే. చిన్న సంఘం, టికెట్ లేదు అని స్పష్టంగా రాయండి.

పరిషత్తు నటుడు
రాస్తాను మాస్టారూ. బెన్ నేను వేస్తా. గస్‌కి ఆపకుండా ప్రశ్నలేసే మనిషి కావాలన్నమాట.

కరెంటాఫీసు
ఎందుకలా అందరూ నా వైపు చూస్తున్నారు? రిహార్సల్ ఆదివారాలు పెడితే వస్తా. సాయంత్రం ఆరు తర్వాత నాకు కుదరదు.